ముప్పై వేలలో అండర్‌వాటర్ కెమెరా: కడప తమ్ముడికి నా జవాబు

తమ్ముడూ,

నువ్వు అడిగిందేమిటో ముందు ఒకసారి చెబుతాను, చదివే మిగతావాళ్ళకూ తెలియాలి కదా. నీది కడపలో బ్యాంకు ఉద్యోగం. జనవరిలో అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో ఓపెన్ వాటర్ కోర్సు, అంటే స్కూబా డైవింగ్ మొదటి కోర్సు, బుక్ చేసుకున్నావు. కెమెరా కోసం ముప్పై వేలు పక్కన పెట్టావు. గోప్రో కొనాలా, ఒలింపస్ టఫ్ కొనాలా, లేకపోతే ఆన్‌లైన్‌లో దొరికే ప్లాస్టిక్ పౌచ్‌లో ఫోన్ పెట్టుకుని దిగితే సరిపోతుందా అన్నది నీ ప్రశ్న. "సూటిగా చెప్పక్కా" అన్నావు.

సూటిగా అయితే ఇదీ. కోర్సు అయ్యేదాకా కెమెరా కొనొద్దు. అయ్యాక గోప్రో హీరో 9 నుంచి 13 లోపల ఏదో ఒక యాక్షన్ కెమెరా తీసుకో, సెకండ్ హ్యాండ్ అయినా నాకు అభ్యంతరం లేదు. దానికి 60 మీటర్ల లోతు దాకా తట్టుకునే హౌసింగ్, అంటే కెమెరా చుట్టూ బిగించే నీళ్ళు చొరని గట్టి డబ్బా, మాత్రం కొత్తది కొను. మిగిలిన డబ్బుతో ఒక మంచి లైట్ కొను. ఫోన్ పౌచ్ ఆలోచన ఈరోజే వదిలెయ్.

ఇక ఎందుకో చెబుతాను, కొంచెం పెద్దదే అవుతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. అనంతపురంలో మాది ఫోటో స్టూడియో, నాన్న రీలు కెమెరాల కాలంలో పెట్టారు. నేను పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు తీస్తూ పెరిగాను. ఈత మా ఊరి దిగుడు బాయిలో నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని నేర్చుకున్నాను. స్కూబా మొదలుపెట్టి పదకొండేళ్ళు. కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి, పుదుచ్చేరి, అండమాన్, ఏడాదికి ఒకటి రెండు సార్లు వెళ్తుంటాను. సముద్రం మనకు దూరం, అందుకే వెళ్ళిన ప్రతిసారీ ఏదీ వృథా కాకూడదు అనిపిస్తుంది. నీకూ అలాగే అనిపిస్తుందని తెలుసు. కెమెరా తొందర అక్కడి నుంచే వస్తుంది.

కానీ కోర్సులో నువ్వు దిగేది నాలుగు డైవ్‌లు. మొదటి రెండూ 12 మీటర్ల లోపు, తర్వాతి రెండూ 18 మీటర్ల లోపు. ఆ నాలుగింటిలో నీ చేతులకు చాలా పని ఉంటుంది. మాస్క్‌లోకి నీళ్ళు వస్తే ఊదేయాలి, గాలి పీల్చుకునే రెగ్యులేటర్ నోట్లోంచి జారితే వెతికి పట్టుకోవాలి, ట్యాంకులో గాలి ఎంత మిగిలిందో గేజ్ చూడాలి, జాకెట్‌లోకి గాలి కొంచెం కొంచెంగా ఎక్కించి నీళ్ళ మధ్యలో పైకీ కిందకీ పోకుండా నిలబడటం నేర్చుకోవాలి. ఈ చివరిదాన్నే బాయెన్సీ అంటారు. కెమెరా పని అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. నిలబడటం రానివాడి వీడియో ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా ఊగుతూనే ఉంటుంది. చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు కోర్సులో కెమెరా తేనివ్వరు, అది నీ మంచికే. జ్ఞాపకంగా ఒక వీడియో కావాలంటే షాపువాళ్ళే ఒక మనిషిని పెట్టి తీసిస్తారు, ఆ డబ్బు కట్టెయ్.

ఇక్కడ నాకు జరిగింది చెప్పాలి. స్టూడియోలో నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం, షట్టర్ నొక్కేముందు ఊపిరి బిగబట్టు, చెయ్యి వణకదు అని. ఇరవై ఏళ్ళ అలవాటు, ఒంట్లోకి ఇంకిపోయింది. నేత్రాణిలో కోర్సు అయిన మర్నాడే అద్దె కెమెరాతో దిగాను. పది మీటర్ల దగ్గర ఒక రాతి సందులోంచి మోరే ఈల్ అనే పాములాంటి చేప తల బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. నేను నిండా ఊపిరి పీల్చి బిగబట్టి ఫోకస్ చేస్తున్నాను. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే మనిషి పైకి లేస్తాడు. నేను లేస్తున్నట్టు నాకే తెలియలేదు. కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నాయి. రెండు మీటర్లు పైకి పోయాక ఇన్‌స్ట్రక్టర్ నా కాలికున్న ఫిన్ పట్టుకుని లాగారు. నా ముఖం ముందుకొచ్చి తన నోటి దగ్గర వేళ్ళు ఆడిస్తూ, ఊపిరి వదులు, వదులు అని సైగ చేశారు.

అది ఎంత ప్రమాదమో పైకి వచ్చాక అర్థమైంది. పది మీటర్ల లోతులో పీల్చిన గాలి నీళ్ళ పైకి వచ్చేసరికి రెండింతలు అవుతుంది. నోరు మూసుకుని ఉంటే ఆ గాలికి దారి లేదు, ఊపిరితిత్తి చిరిగిపోవచ్చు. స్కూబాలో మొట్టమొదటి నియమమే ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదని. నేను దాన్ని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, కెమెరా చేతికి రాగానే మర్చిపోయాను. ఫోటోలు తీసే అలవాటున్న ఎవరైనా డైవింగ్‌కి వెళ్తున్నారంటే ముందు నేను చెప్పేది ఇదే: నీళ్ళ కింద నెమ్మదిగా ఊపిరి వదులుతూ షట్టర్ నొక్కు. నీకు ఫోన్‌తో అయినా ఈ అలవాటు ఉండే ఉంటుంది, ఒకసారి గమనించుకో.

సరే, ఇప్పుడు కొనడం గురించి.

పెట్టె మీద రాసిన మీటర్ల దగ్గర మొదలుపెట్టు, మెగాపిక్సెళ్ళ దగ్గర కాదు. నీళ్ళలో ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. హౌసింగ్ ముందు అద్దం ఐదు సెంటీమీటర్ల పొడవు, ఐదు వెడల్పు అనుకో. 18 మీటర్ల దగ్గర ఆ చిన్న అద్దాన్ని నీళ్ళు 45 కిలోల బరువుతో లోపలికి నొక్కుతుంటాయి. దాదాపు ఒక సిమెంట్ మూట. ఆ బరువును ఆపేది అద్దం చుట్టూ, తలుపు చుట్టూ ఉండే సన్నని రబ్బరు సీల్.

ఇప్పుడు ఫోన్ పౌచ్ సంగతి నీకే అర్థమవుతుంది. మెత్తటి ప్లాస్టిక్‌ను నీళ్ళు స్క్రీన్‌కి అదిమేస్తాయి, టచ్ మన మాట వినదు. దాన్ని మూసేది ఒక క్లిప్పు. పడవలో తుంపర్ల నుంచి కాపాడుకోవడానికి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఫోటో దిగడానికి బాగుంటుంది, అంతవరకే. ఫోనే ఐపీ68, నీళ్ళను తట్టుకుంటుందని పరీక్షించినదే కదా అంటావేమో. ఆ పరీక్ష మంచినీళ్ళలో, కొద్దిపాటి లోతులో, కదలకుండా ఉంచి చేసేది. ఐఫోన్లలో కొన్నింటికి 6 మీటర్లు, అరగంట అని కంపెనీయే చెబుతుంది. నువ్వు దిగేది దానికి మూడింతల లోతుకు, అదీ ఉప్పునీళ్ళలో. ఫోన్లకు గట్టి హౌసింగులూ ఉన్నాయి, 40 మీటర్ల దాకా తట్టుకునేవి, అవి నిజంగానే పనిచేస్తాయి. అయినా నేను వద్దంటాను. నీ ఫోన్‌లో యూపీఐ ఉంది, విమానం టికెట్ ఉంది, ఇంట్లోవాళ్ళ నంబర్లున్నాయి. దీవిలో ఫోన్ పోతే ఆ ట్రిప్పంతా టెన్షనే.

యాక్షన్ కెమెరాల్లో గోప్రో హీరో 5 నుంచి వచ్చిన ప్రధాన మోడళ్ళు హౌసింగ్ లేకుండా 10 మీటర్ల దాకా తట్టుకుంటాయి. అంటే ఈతకొలనుకు సరిపోతాయి, డైవింగ్‌కి చాలవు. ఇందులో ఒక తికమక ఉంది, జాగ్రత్త. 2024లో 'హీరో' అని ఏ అంకే లేకుండా ఒక చిన్న, చవక మోడల్ వచ్చింది. దానికి 5 మీటర్లే. పేరు చూసి, రేటు చూసి సంబరపడి కొనేస్తారు. హీరో 9 నుంచి 13 దాకా బ్లాక్ మోడళ్ళన్నీ ఒకే కొలత, ఒకే హౌసింగ్ పడుతుంది, అది 60 మీటర్ల దాకా పనిచేస్తుంది. అందుకే ఆ వరుసలో ఏదైనా కొను అన్నాను. రేపు కెమెరా మార్చినా హౌసింగ్ మార్చక్కర్లేదు. పైగా 9కీ 13కీ నీళ్ళ కింద నువ్వు తీసే మొదటి యాభై వీడియోల్లో నీకు తేడా కనిపించదు.

డీజేఐ ఓస్మో యాక్షన్ 4 అయితే హౌసింగ్ లేకుండానే 18 మీటర్లు, యాక్షన్ 5 ప్రో అయితే 20 మీటర్లు. మంచి కెమెరాలు, నీళ్ళ కింద రంగులు నాకు గోప్రో కన్నా నచ్చాయి కూడా. కానీ 18 మీటర్లు అని రాసి ఉన్నదాన్ని 18 మీటర్లకు తీసుకెళ్ళడం నాకు ఇష్టం ఉండదు. వాటికీ 60 మీటర్ల కేసు ఉంది, అది వేసుకునే దిగు. కొనేముందు ఒకటి కనుక్కో, వారంటీ మన దేశంలో ఎవరిస్తారు, రిపేరుకు ఎక్కడికి పంపాలి అని. అమ్మేవాడు ఈ రెండింటికీ సరిగ్గా జవాబు చెప్పకపోతే అక్కడ కొనకు.

ఒలింపస్ టఫ్ అని నువ్వు రాసింది టీజీ-6 గానీ టీజీ-7 గానీ అయి ఉంటుంది. 7వది 2023లో ఒలింపస్ కెమెరాల కొత్త పేరైన ఓఎం సిస్టమ్‌తో వచ్చింది. ఫోటోల కోసం ఈ తరగతిలో నేను ఎక్కువగా ఇష్టపడేది ఇదే. లెన్స్‌కు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. గోళ్ళంత ఉండే న్యూడిబ్రాంక్, అంటే చిప్పలేని సముద్రపు నత్త, మీద చుక్కలు లెక్కపెట్టొచ్చు. యాక్షన్ కెమెరాకు ఆ పని రాదు, అడుగు కన్నా దగ్గరికి పోతే మసకబారుతుంది. మరి ఎందుకు వద్దంటున్నానంటే, హౌసింగ్ లేకుండా దాని లోతు 15 మీటర్లే. 45 మీటర్ల హౌసింగ్ విడిగా కొనాలి, దాని ఖరీదు కెమెరా ధరలో సగానికి పైగా ఉంటుంది. నీ ముప్పై వేలు ఎటూ చాలవు. హౌసింగ్ తర్వాత కొందాంలే అని కెమెరా ఒక్కటే తీసుకెళ్ళి 16 మీటర్లలో ముంచుకున్నవాళ్ళను చూశాను. రెండేళ్ళు డైవింగ్ చేశాక, చిన్న చిన్న జీవుల మీద మనసు పడ్డాక, అప్పుడు దాని కోసం దాచుకో.

మూడు నాలుగు వేలకు పేరు తెలియని '4కే వాటర్‌ప్రూఫ్' కెమెరాలు కూడా ఉంటాయి. చాలావాటిలో 4కే అంటే చిన్న వీడియోను సాగదీసిందే. ఆ డబ్బుకు హేవ్‌లాక్‌లో మంచి కెమెరా అద్దెకు తీసుకో. నిజానికి కోర్సు తర్వాత ఎలాగూ ఒకటో రెండో ఫన్ డైవ్‌లు చేస్తావు కదా, వాటిలో ఒకదానికి అద్దెది వాడి చూడమనే నా సలహా. నీకు వీడియో ఇష్టమో, ఫోటో ఇష్టమో, అసలు కెమెరా లేకుండా చూస్తూ ఉండటమే ఇష్టమో ఆ ఒక్క డైవ్‌లో తేలిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు బ్యాటరీ తలుపు తెరిచి దాని చుట్టూ ఉన్న రబ్బరును గోటితో తాకి చూడు. మెత్తగా, ఎక్కడా చీలిక లేకుండా ఉండాలి. బ్యాటరీ ఉబ్బి ఉంటే లోపలి నుంచి తేలిగ్గా రాదు, అదొక గుర్తు. లోపల లోహం మీద ఆకుపచ్చటి మరక కనిపిస్తే ఉప్పునీళ్ళు వెళ్ళాయని, వదిలెయ్. హౌసింగ్ మాత్రం వాడింది కొనకు. పైకి కనిపించని సన్నగీత ఉన్నా చాలు. మెమరీ కార్డు వీ30 అని రాసి ఉన్నది, నమ్మకమైన దుకాణంలో తీసుకో, నకిలీ కార్డులు ఎక్కువ.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది, సీల్.

పుదుచ్చేరిలో ఒకసారి పడవ మీద హడావిడిగా బ్యాటరీ మార్చి హౌసింగ్ మూశాను. దూకాను. రెండు మీటర్లు దిగానో లేదో, అద్దం లోపల అడుగున సన్నటి నీటి గీత, పక్కకు వంచితే అటు పారుతోంది. వెంటనే బడ్డీకి, అంటే నాతో జంటగా దిగిన డైవర్‌కి, చూపించి మామూలు వేగంతోనే పైకి వచ్చాను. లెన్స్ కిందికి పెట్టి పట్టుకున్నాను, నీళ్ళు బ్యాటరీ వైపు పోకుండా. పైకి వచ్చి తెరిస్తే సీల్ మీద నా తల వెంట్రుక ఒకటి అడ్డంగా పడి ఉంది. ఒక్క వెంట్రుక. అది నొక్కుకుపోయి చేసిన సందులోంచి నీళ్ళు వచ్చాయి.

చాలామంది అనుకునేదానికి ఇది తలకిందులుగా ఉంటుంది. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడి తలుపును సీల్ మీదికి ఇంకా గట్టిగా నొక్కుతుంది. అందుకే ఇలాంటి కారడాలు ఎక్కువగా మొదటి రెండు మూడు మీటర్లలోనే జరుగుతాయి, ఒత్తిడి ఇంకా అందుకోనప్పుడు. దిగగానే రెండు మీటర్ల దగ్గర ఆగి, కెమెరాను కళ్ళ ముందు పెట్టుకుని, వరసగా చిన్న బుడగలు వస్తున్నాయా, లోపల తడి ఉందా అని చూడు. ఉంటే పడవలోకి ఇచ్చేసి కెమెరా లేకుండా డైవ్ చెయ్. ఒకవేళ లోతులో గమనించినా కెమెరా కోసం పైకి పరుగెత్తకు. కెమెరా ఎటూ పోయిందే. నువ్వు నెమ్మదిగా, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి, మామూలుగానే రావాలి.

హౌసింగ్ మూసే పని ముందురాత్రే గదిలో చేసుకో. టేబుల్ లైటు కింద తెల్ల గుడ్డ పరిచి, చేతులు కడుక్కుని, తల తుడుచుకుని కూర్చో. సీల్ చుట్టూ వేలి కొసను నెమ్మదిగా తిప్పు. ఇసుక రేణువు ఉంటే కంటికి కనిపించకపోయినా వేలికి తగులుతుంది. మన జిల్లాల్లో ఇసుక కాదు, దుమ్ము. ఎండాకాలం అనంతపురంలో కిటికీ పది నిమిషాలు తీసి ఉంచితే టేబుల్ మీద వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్మంతా సీల్ మీద కూడా పడుతుంది. అందుకే ఇంట్లో హౌసింగ్‌ను డబ్బాలో పెట్టి మూసి ఉంచు, ఎండలో నిలబెట్టిన కారులో ఎప్పుడూ వదలకు. సీల్ ఊడదీయాలంటే సూది, పిన్నీసు వాడకు, వేళ్ళతో పక్కకు నెట్టి పైకి తీయ్. గ్రీజు సంగతి కంపెనీ మాన్యువల్ చూసే చెయ్. కొన్ని సీళ్ళకు గ్రీజు అక్కర్లేదు, లైట్లలో ఉండే గుండ్రటి ఓ-రింగులకు కావాలి. కావాల్సినచోట కూడా ఆవగింజంత చాలు. నీళ్ళను ఆపేది గ్రీజు కాదు, రింగు. గ్రీజు రింగును గాడిలో సాఫీగా కూర్చోబెడుతుంది, అంతే. దట్టంగా పూస్తే అదే దుమ్మును పట్టుకుంటుంది.

అద్దం లోపల ఆవిరి పట్టడం ఇంకో బాధ. కెమెరా పనిచేస్తూ వేడెక్కుతుంది, బయట నీళ్ళు చల్లగా ఉంటాయి, లోపల చిక్కుకున్న గాలిలో తేమ అద్దం మీద మంచులా పడుతుంది. మన ఊళ్ళలో గాలి పొడి, ఇక్కడ మూస్తే ఆవిరి పట్టదు. హేవ్‌లాక్‌లో గాలి తడిగా ఉంటుంది, కాబట్టి ఏసీ గదిలో మూయి, లోపల ఒక చిన్న సిలికా జెల్ పొట్లం పెట్టు. పొట్లం అంచు సీల్ మీదికి రాకుండా చూసుకో.

కొత్త హౌసింగ్‌ను కెమెరా లేకుండా ముందు పరీక్షించాలి. దీనికి సముద్రందాకా పోనక్కర్లేదు. మా ఊరి బాయిలో నేను చేసే పద్ధతి చెబుతాను. హౌసింగ్ లోపల పొడి టిష్యూ పేపర్ ఒకటి మడిచి పెట్టి మూస్తాను. ఖాళీ హౌసింగ్ తేలుతుంది కాబట్టి, గుడ్డ చుట్టిన రాయితో కలిపి ఎర్రగడ్డల వల సంచిలో వేసి మూతి కడతాను. తాడుకు మీటరుకొక ముడి. ఏడెనిమిది ముళ్ళు పోయేదాకా వదిలి అరగంట ఉంచుతాను. తీశాక పైన బాగా తుడిచి, తెరిచి టిష్యూను చేత్తో నలిపి చూస్తాను. పొడిగా గరగరలాడితే హౌసింగ్ మంచిది. ఎవరూ నీళ్ళలోకి దిగనక్కర్లేదు, గట్టు మీద నిలబడి చేసే పనే, కానీ ఒంటరిగా పోవద్దు. బోర్లు వచ్చాక మన బావులు చాలావరకు ఎండిపోయాయి, మా బాయిలో కూడా మంచి వానలు పడ్డ ఏడాదే ఆ లోతు నీళ్ళుంటాయి. దొరక్కపోతే బక్కెట్ నీళ్ళలో రాయి పెట్టి అరగంట ముంచు. నేను పైన చెప్పిన వెంట్రుక రకం కారడం అక్కడే బయటపడుతుంది.

లైట్ ఎందుకు అన్నావంటే, నాకు అర్థమైన రోజు చెబుతాను. హేవ్‌లాక్‌లో పదిహేను మీటర్ల దగ్గర గేజ్ చూసుకుంటుంటే నా మణికట్టుకు నల్ల దారం ఉంది. నేను కట్టుకున్నది ఎర్ర దారం, కదిరి గుడిలో కట్టించుకున్నది. లైట్ వేసి చూస్తే మళ్ళీ కుంకుమ రంగులో మెరిసింది. నీళ్ళు ముందుగా ఎరుపును మింగేస్తాయి, ఐదు మీటర్లు దాటేసరికే చాలావరకు పోతుంది. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. మిగిలేది నీలం, ఆకుపచ్చ. కెమెరా ఎంత ఖరీదైనదైనా అక్కడ లేని రంగును తీయలేదు. లైట్ ఆ రంగును తిరిగి తెస్తుంది. వెయ్యి నుంచి రెండు వేల ల్యూమెన్లు, వెలుగు వెడల్పుగా పరుచుకునే వీడియో లైట్ ఒకటి చాలు. ఒకే చుక్కలా పడే టార్చ్ కొనకు. లైట్‌ను లెన్స్ పక్కనే కాకుండా చేయి చాచినంత పక్కగా పట్టుకో. దగ్గరగా ఉంటే నీళ్ళలోని నలుసులన్నీ వెలిగి వీడియో నిండా తెల్లచుక్కలు పడతాయి.

లెన్స్ ముందు పెట్టే ఎర్ర ఫిల్టర్ చవక, అదీ పనికొస్తుంది. మంచి ఎండ ఉండి, ఐదు నుంచి పదిహేను మీటర్ల మధ్య ఉన్నప్పుడు బాగుంటుంది. లైట్ వేసినప్పుడు మాత్రం తీసేయాలి, లేకపోతే చేపలన్నీ ఎర్రబడతాయి.

దూరం గురించి ఒకటి గుర్తుపెట్టుకో. నీళ్ళలో మాస్క్ లోంచి ప్రతిదీ మూడోవంతు పెద్దగా, పావువంతు దగ్గరగా కనిపిస్తుంది. చేతికి అందేంత దూరంలో ఉంది అనుకున్న చేప నిజానికి ఇంకా అవతలే ఉంటుంది. నీకూ చేపకూ మధ్య ఎన్ని నీళ్ళుంటే అంత రంగు పోతుంది, అంత మసక వస్తుంది. మీటరు లోపలికి వెళ్ళు. వెంటబడకు, వెంటబడితే నీకు దొరికేది తోకే. ఒకచోట కదలకుండా ఉంటే అవే వస్తాయి. పైనుంచి కిందికి కాకుండా వాటి కంటి ఎత్తుకు దిగి, కొంచెం పైకి చూస్తూ తీయి, వెనక నీలం వస్తుంది.

సెట్టింగులు ఒడ్డు మీదే పెట్టుకోవాలి, హౌసింగ్‌లో టచ్ స్క్రీన్ పనిచేయదు. 4కే, సెకనుకు 30 ఫ్రేములు, వైడ్ కోణం. ఒక్క నొక్కుతో ఆన్ అయి రికార్డింగ్ మొదలయ్యే క్విక్ క్యాప్చర్ ఆన్ చేసి ఉంచు. ఒక్కో వీడియో పది ఇరవై సెకన్లు తీసి ఆపు. డైవంతా ఆపకుండా తీస్తూ పోతే తర్వాత నువ్వు కూడా చూడవు.

పొడవాటి సెల్ఫీ స్టిక్ వద్దు. చిన్న హ్యాండిల్, దానికి జాకెట్ రింగుకు తగిలించే చుట్టల తాడు. ఏ క్షణమైనా కెమెరా వదిలేస్తే పక్కన వేలాడాలి, రెండు చేతులూ ఖాళీ కావాలి. ఫోటో కోసం పగడాన్ని పట్టుకుని నిలబడేవాళ్ళను చూస్తే నాకు కడుపు మండుతుంది. చాలా పగడాల్లో వేలంత కొమ్మ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. 1972 వన్యప్రాణి చట్టంలో గట్టి పగడాలు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. ఒక్కో వీడియో అయ్యాక గేజ్ చూడటం అలవాటు చేసుకో. ట్యాంకులో 200 బార్ పీడనంతో గాలి నింపుకుని దిగుతావు, పడవెక్కేసరికి కనీసం 50 మిగలాలి. కెమెరా చేతిలో ఉన్నప్పుడు గాలి త్వరగా అయిపోతుంది, ఆ ఉత్సాహంలో ఎక్కువ పీలుస్తాం.

పైకి వచ్చాక హౌసింగ్ తెరవకుండా మంచినీళ్ళలో అరగంట నాననివ్వు, బటన్లన్నీ పది పదిసార్లు నొక్కు. సందుల్లోని ఉప్పు కరుగుతుంది. ఎండబెట్టకు, నీడలో ఆరనివ్వు. తెరిచేటప్పుడు తలుపు కిందికి ఉంచి తెరువు, అంచున నిలిచిన చుక్క లోపలికి జారదు.

తిరుగు ప్రయాణానికి కెమెరా, లైటు బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టు, చెక్-ఇన్ సామానులో లిథియం స్పేర్ బ్యాటరీలు ఒప్పుకోరు. వరసగా రోజులు డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, చెన్నై టికెట్ ఆ లెక్కన తీసుకున్నావో లేదో ఈరోజే చూసుకో.

నా దగ్గర పాత హీరో 9 హౌసింగ్ ఒకటి స్టూడియో బీరువాలో ఊరికే పడి ఉంది, వాడింది కొనొద్దన్నాను కదా, అందుకే ముందు బాయిలో పరీక్షించి, కొత్తది కొనేదాకా అద్దె కెమెరాకు అది వాడుకో. డిసెంబరులో ఒక ఆదివారం అనంతపురం వచ్చేయ్. ఈసారి వానలు బాగున్నాయి, మా బాయిలో తొమ్మిది మీటర్ల నీళ్ళున్నాయి. తాడు, వల సంచి నేను తెస్తాను.